హాలేజీ గదిలో నేను చూడనిది

"హాలేజీ డ్రైవరు బ్రేకు వదిలి పారిపోయాడు. నేను కళ్లారా చూశాను." పదేళ్ల కింద విచారణలో నేను రాసి సంతకం చేసిన వాంగ్మూలంలో ఈ రెండు వాక్యాలున్నాయి. రెండూ అబద్ధమే. అతను పారిపోలేదు. నేను చూడలేదు. ఆ వాక్యాల వల్ల ఒక మనిషి ఉద్యోగం పోగొట్టుకుని జైలుకు వెళ్లాడు. చనిపోయిన ముసలాయన కొడుకులు తమ తండ్రిని చంపింది అతనేనని ఇన్నాళ్లూ నమ్మారు. జరిగింది ఇప్పుడు రాస్తున్నాను. నన్ను క్షమించమని అడగడానికి కాదు.

నాది మంథని. అప్పటికి ముప్పై నిండలేదు. గోదావరిఖనిలో ఒక బొగ్గు బాయి మీద టైం ఆఫీసు గుమాస్తాని. మాది ఇంక్లైన్ బాయి. నిలువుగా తవ్విన గొయ్యి కాదు, భూమిలోకి ఏటవాలుగా దిగే సొరంగం. పట్టాల మీద బొగ్గు టబ్బులను ఇనప రోపుతో కింది నుంచి పైకి లాగుతారు. ఆ రోపును లాగే ఇంజనున్నది హాలేజీ గది. దాన్ని నడిపేవాడు హాలేజీ డ్రైవరు.

నేనప్పుడు ప్రైవేటుగా బీఏ కడుతున్నాను. అమెరికా చరిత్ర ఒక పేపరు. చదివింది ఎవరికైనా చెబితే తప్ప నాకు గుర్తుండేది కాదు. కాలనీ చివర రేకుల షెడ్డులో పేపర్లు చదువుకునే గది ఉండేది. ఫస్టు షిఫ్టు దిగి, స్నానం చేసి, కళ్ల అంచుల్లో ఇంకా బొగ్గు నలుపు పోని మనుషులు సాయంత్రం అక్కడ చేరేవాళ్లు. వాళ్లకు నా పాఠం ఒప్పజెప్పేవాణ్ణి. వాళ్లకది మంచి కాలక్షేపం.

"ఉత్తరాన బట్టల మిల్లులు, దక్షిణాన పత్తి చేలు. బయటి దేశం బట్ట చవకగా వస్తుంటే సర్కారు దాని మీద సుంకం వేసింది" అని చెప్పాను ఒకరోజు.

"అంటే అగ్గువ బట్ట కొనద్దు, మిల్లోళ్ల బట్టనే పిరానికి కొనాలె. గంతేనా పంతులూ?" అని అడిగాడు అన్న. టబ్బులు తోసే పని చేసేవాడు. నా ఈడువాడే అయినా అందరికీ అన్నే. మాట మొదలుపెడితే షెడ్డంతా వినేది.

"అంతే."

"మరి పత్తి ఎవనిది?"

"దక్షిణాది వాళ్లది."

"గదే మన కథ. బొగ్గు మనది, లైట్లు వాళ్లిండ్లల్ల."

అందరూ నవ్వారు. మర్నాడు బ్యాంకు గొడవ చెప్పాను. ఆ దేశపు అధ్యక్షుడు సిపాయిగా బతికినవాడు. పెద్ద సేట్ల చేతిలో ఉన్న పెద్ద బ్యాంకంటే ఆయనకు మంట. దాని గడువు పొడిగించాలని చట్టసభ బిల్లు చేసి పంపితే సంతకం పెట్టనన్నాడు. సర్కారు సొమ్ము అందులోంచి తీసి చిన్న బ్యాంకుల్లో పెట్టించాడు.

"శభాష్! మొగోడంటే గాయన" అన్నాడొకడు.

"చిన్న బ్యాంకులోళ్లు మాత్రం నీ మేనమామలా? ఆళ్లు గూడ సేట్లే."

"ఎవలైతేంది, బ్యాంకును కూలగొట్టినోడు మన దిక్కే ఉంటడు."

మూడో రోజు అసలు కథ చెప్పాను. సుంకం భరించలేక దక్షిణాదిన ఒక రాష్ట్రం పెద్ద సభ పెట్టుకుంది. ఫలానా తేదీ నుంచి కేంద్రం చేసిన ఈ సుంకం చట్టం మా రాష్ట్రంలో చెల్లదు అని కాగితం రాసుకుంది. నేను అక్కడ ఆగాను. షెడ్డులో ఎవరూ కదల్లేదు.

"అట్ల రాసుకోవచ్చునా?" అన్నాడు అన్న మెల్లగా.

"రాసుకున్నారు."

"మరి గా సిపాయి అధ్యక్షుడేమన్నడు?"

ఆ తర్వాతి పేజీ నేను చదివి ఉన్నాను. అయినా, "సుంకం తగ్గించారు" అన్నాను. అది నిజమే. ఆ నిజానికి ముందూ వెనకా ఉన్నది మాత్రం చెప్పలేదు. చప్పట్లు మోగాయి. నా జీవితంలో అంతమంది ఒకేసారి నా కోసం చప్పట్లు కొట్టడం అదే మొదలు.

చప్పట్లు కొట్టనివాడు ఒక్కడే, అందరూ కాకా అని పిలిచే ముసలాయన. బొగ్గు నింపే కార్మికుడు. వయసులో ఉన్నప్పుడు ఊళ్లో దొర దగ్గర వెట్టి చేసి, అక్కణ్ణుంచి పారిపోయి బాయిలో చేరాడు. అన్నకు పట్టాల మీద నడక నేర్పింది ఆయనే.

"పంతులూ, గా పత్తి ఏరింది ఎవలు?" అని అడిగాడు.

"బానిసలు, కాకా."

"సుంకం వద్దనెటందుకు వాళ్లు గూడ సభకు పోయిండ్రా?"

"వాళ్లను పిలవరు కాకా."

"అయితే గది దొరలు దొరలు కొట్లాడుకున్నది. గండ్ల మనమెక్కడ?"

"నువ్వూకో కాకా. గది వేరే ముచ్చట" అన్నాడు అన్న.

"అది ఇంకో పాఠం కాకా, తర్వాత చెప్తా" అన్నాను నేను. చెప్పలేదు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం గొడవ మొదలైంది. కొత్తగూడెం వైపు రాజుకున్నది వారాల్లో మా దగ్గరికొచ్చింది. కోపం ఉత్తి కోపం కాదు. ఇక్కడివాళ్లకు దక్కాల్సిన కొలువుల్లో బయటివాళ్లు కూర్చున్నారన్నది నేను రోజూ హాజరు మస్టరులో చూసేదే. కానీ ఆ కోపం ఎవరి మీద పడిందో కూడా చూశాను. కోస్తా నుంచి వచ్చి మెస్సు నడుపుకునే ఆయన్ని కాగుతున్న సాంబారు గిన్నె మీదికి తోశారు. ఒక ఫిట్టరు క్వార్టరులో దూరి రుబ్బురోలు బయటికి దొర్లించి సమ్మెటతో పగలగొట్టారు. అతని భార్య అడ్డం వస్తే జుట్టు పట్టుకుని గడప దాకా ఈడ్చారు. స్టేషను ముందు పోలీసుల లాఠీ తగిలి బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే మా లాంపు రూము కుర్రాడి దవడ విరిగింది. వాడు దుమ్ములో కూర్చుని తన పళ్లు వెతుక్కున్నాడు. దానికి బదులుగా మర్నాడు ఇంకో రెండు క్వార్టర్లు తగలబడ్డాయి.

ఆ వారంలోనే అన్న నా దగ్గరికొచ్చాడు. చొక్కా మీద ఎవరిదో నెత్తుటి మరక ఉంది.

"పంతులూ, గా రాష్ట్రమోళ్లు రాసుకున్న కాయిదం అసొంటిది మనకొకటి రాసియ్యి."

రాశాను. సోమవారం నుంచి ఈ బాయి మీద బయటి ప్రాంతంవాళ్ల డ్యూటీలు చెల్లవు. మూడు పంక్తులు, అందమైన దస్తూరి, సంతకం లేదు. అమెరికాలో కేంద్రం చట్టాన్ని రాష్ట్రం చెల్లదనొచ్చన్న సిద్ధాంతం రాసినాయన కూడా పేరు పెట్టలేదు. అప్పుడాయన దేశానికి ఉపాధ్యక్షుడు. అది గుర్తొచ్చి నాకు గర్వంగా కూడా అనిపించింది. లాంపు రూము గోడకు అంటించారు. కాక వచ్చి, చదువు రాదు కాబట్టి ఎవరితోనో చదివించుకుని విన్నాడట. నన్ను మాత్రం ఏమీ అడగలేదు.

ఇక్కడ ఒక అలవాటు గురించి చెప్పాలి. ఇది చెబితేనే మిగతాది అర్థమవుతుంది.

మనుషులు నడిచి పైకి రావడానికి వేరే దారి ఉండేది. రోపు కదులుతున్న దారిలో మనిషి కాలు పెట్టకూడదు. అది నిబంధన. కాకకు మోకాళ్లు అరిగిపోయాయి. ఆ ఎక్కుడు ఎక్కలేడు. షిఫ్టు అయిపోయే ముందు పైకి వెళ్లే ఆఖరి టబ్బుల వరసకు వెనక తన తువ్వాలు కట్టి, దాన్ని పట్టుకుని, అది లాగుతుంటే దాని వెంట నడిచేవాడు. హాలేజీ డ్రైవరు కోస్తావాడు. పన్నెండేళ్లుగా ఈ బాయి మీదే ఉన్నాడు. ఇద్దరికీ ఒక ఒప్పందం. లాగమనే గంటలు కింది నుంచి మోగాక, కాస్త ఆగి ఇంకో చిన్న గంట మోగేది. కాక రోపు మీద ఉన్నాడని దానర్థం. అప్పుడు డ్రైవరు ఇంజను మెల్లగా నడిపేవాడు. ఆ గంట ఏ పుస్తకంలోనూ లేదు. బాయి మీద అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు.

సోమవారం డ్రైవరు డ్యూటీకి వచ్చాడు. ఫస్టు షిఫ్టు ముగియడానికి ఇంకో అరగంట ఉందనగా పదిహేను మంది లాంపు రూము దగ్గర నుంచి హాలేజీ గదికి బయలుదేరారు. ముందు అన్న. అందరి చేతుల్లో గొడ్డలికి వేసే కామ కర్రలు. వెనకాల నేను. నా చేతిలో ఏమీ లేదు. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఉండగా గదిలో గంటలు మోగాయి. కాస్త ఆగి, చిన్న గంట. నేను విన్నాను. ఇంజను మెల్లగా కదిలింది.

"లెవ్ ఆణ్నించి. కాయిదం చూడలేదా?" అది అన్న గొంతు.

"చూశానండీ. ఈ టబ్బుల సెట్టు పైకి రానివ్వండి, నేనే దిగుతాను. నాలుగు నిమిషాలు."

"ఏండ్లకేండ్లు తిన్నది చాలదా, ఇంక నాలుగు నిమిషాలు గావాల్నా నీకు?"

ఎవరో వెళ్లి మెయిన్ స్విచ్చి దించేశారు. బాయి ఆపాలంటే కరెంటు ఆపితే చాలని వాళ్లనుకున్నారు. మోటారు చచ్చిపోయింది. బొగ్గు నిండిన టబ్బుల బరువంతా ఇప్పుడు ఒక్క చేతి బ్రేకు మీద ఉంది. డ్రైవరు దాని మీద పడి పట్టుకున్నాడు.

"బాబూ, వదలండి నన్ను! రోపు మీద కాక ఉన్నాడు! ఇప్పుడే గంట కొట్టాడు!"

"కాక పేరు జెప్పి బతుకుదామనుకుంటున్నవురా?"

"అన్నా, గంట..." అన్నాను నేను గుమ్మంలోంచి.

"నువ్వు పక్కకుండు పంతులూ" అని అన్న తల తిప్పకుండానే అన్నాడు. నేను పక్కకు జరిగాను.

తర్వాత నాకు కనిపించింది వీపులే. పైకి లేచి దిగే కామలు. కర్ర మాంసం మీద పడితే ఒక చప్పుడు, ఎముక మీద పడితే ఇంకో చప్పుడు. మొదటి దెబ్బకు అతను అరిచాడు. రెండో దెబ్బకు అమ్మను పిలిచాడు. ఎన్ని దెబ్బలో నేను లెక్కపెట్టలేదు. ఉన్నట్టుండి రోపు చుట్టిన డ్రమ్ము వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. ముందు మెల్లగా, తర్వాత కంటికి ఆననంత వేగంగా. నిప్పురవ్వలు లేచాయి. మనుషులు ఒకర్ని తొక్కుకుంటూ ఒకరు బయటికి ఉరికారు. భూమి లోపలి నుంచి ఒక చప్పుడొచ్చింది. నా అరికాళ్లకు తగిలింది. కొంతసేపటికి సొరంగం నోట్లోంచి బొగ్గు దుమ్ము తెరలా బయటికొచ్చింది.

కాకను పైకి తేవడానికి రెండు గంటలు పట్టింది. టబ్బులు పట్టాలు తప్పి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆయన నడుము దాకా వాటి కింద ఉన్నాడు. తల మీద బొగ్గు కుప్ప తీస్తే ముఖం ముఖంలా లేదు. తువ్వాలు టబ్బుకు కట్టే ఉంది. ఆ తువ్వాలును ఆయన చెయ్యి పట్టుకునే ఉంది. ఆ చెయ్యి ఒంటికి లేదు.

అన్న ఆ చెయ్యి చూశాడు. చూసి, గది బయట గోడకానుకుని కూర్చున్న డ్రైవరు దగ్గరికి వెళ్లాడు. "నువ్వే వదిలినవ్! కావాల్నని వదిలినవ్!" అంటూ కాలితో ముఖం మీద తన్నాడు. మళ్లీ అందరూ అతని మీద పడ్డారు. అతను ఎక్కడికీ పోలేదు. పోయినా ఎవరూ గమనించనంత గందరగోళంలో కూడా పోలేదు. పోలీసులొచ్చి అతన్ని ముందు దవాఖానకు, తర్వాత స్టేషనుకు తీసుకుపోయారు.

మర్నాడు అన్న నా క్వార్టరుకు వచ్చాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"కాక రోపు మీద వచ్చిండని రాస్తే నిబంధన తప్పినట్టు. ఆయన ఇంటామెకు, అవ్వకు, కంపెనీ పైసలేం రావు. మేం కొట్టినమని రాస్తే పదిహేను ఇండ్లు ఆగమైతయ్. ఆడు ఒక్కడు. ఎట్లాగూ ఈణ్నించి పొయ్యెటోడే."

"నేను చూడలేదన్నా."

"చూసినట్టు రాయి. నువ్వు రాస్తే నమ్ముతరు."

కాక మనుషులు నడిచే దారిలోనే ఉన్నాడని, టబ్బులు పట్టాలు తప్పి ఆయన మీదికి వచ్చాయని రాశాను. గొడవేదో బయట జరిగిందని, దానికి భయపడి డ్రైవరు బ్రేకు వదిలి పారిపోయాడని రాశాను. విచారణ రోజు డ్రైవరును తీసుకొచ్చారు. కుడి చెయ్యి భుజం దాకా కట్టు. దవడ కదలక మాట ముద్దగా వస్తోంది. తన వంతు వచ్చినప్పుడు ఒకటే చెప్పాడు.

"గంట మోగింది. పంతులుగారు గుమ్మంలోనే ఉన్నారు, ఆయనా విన్నారు. ఆయన్ని అడగండి, ఆయన చెప్తారు."

నన్నడిగారు. నేను లేచి ఆ రెండు వాక్యాలు చదివాను. అతను నా వైపు చూశాడు. అందులో కోపం లేదు. నేనేదో పొరపాటున వేరే కాగితం చదువుతున్నానని, ఇప్పుడే సరిచేసుకుంటానని ఎదురు చూస్తున్నట్టు చూశాడు. నేను కూర్చున్నాను.

ఆ ఏడు పరీక్షలో సుంకం గొడవ మీద ప్రశ్న వచ్చింది. మొత్తం రాశాను. ఆ రాష్ట్రానికి తోడుగా ఇంకే రాష్ట్రమూ రాలేదని రాశాను. బ్యాంకును కొట్టిన ఆ అధ్యక్షుడే, తానూ దక్షిణాదిలో పుట్టినవాడైనా, సైన్యాన్ని వాడే అధికారం చట్టసభ చేత ఇప్పించుకున్నాడని రాశాను. సుంకం కొంత తగ్గించారని, ఆ రాష్ట్రం మళ్లీ సభ పెట్టుకుని చెల్లదన్న తన కాగితాన్ని తానే వెనక్కి తీసుకుందని, యుద్ధం దాకా పోకుండా ఇద్దరూ తగ్గారని రాశాను. సుంకం వెనకున్న అసలు భయం బానిసలు చేజారిపోతారేమోనని, ఆ మాట తేలడానికి ఇంకో ముప్పై ఏళ్ల తర్వాత లక్షల మంది చచ్చారని కూడా రాశాను. కాక అడిగినదానికి జవాబు అది. రేకుల షెడ్డులో చెప్పని ప్రతి ముక్కా పరీక్ష కాగితం మీద పెట్టాను. పాసయ్యాను.

షెడ్డుకు మళ్లీ పోలేదు. అన్న తాగుడులో పడి నిరుడు పోయాడు. అతని దినాల నాడు కాక పెద్దకొడుకు వచ్చి, "మా నాయిన్ను చంపినోడు ఏడున్నడో, ఉన్నడో పోయిండో, దొరికితే నరుకుత" అన్నాడు. నా పక్కనే కూర్చుని అన్నాడు. ఆ మాట విన్నాక కొత్త వాంగ్మూలం రాయడం మొదలుపెట్టాను.

రాసింది పట్టుకుని పోయిన నెల రామగుండంలో రైలెక్కాను. బెజవాడ దాటాక ఒక చిన్న ఊళ్లో బియ్యం మిల్లుకు కాపలా ఉంటున్నాడతను. నన్ను గుర్తుపట్టాడు. లోపలికి రమ్మన్నాడు. కుడి చేతి వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. వాళ్లావిడ మంచినీళ్లిచ్చి, నా ముఖం చూడకుండా అవతలికి పోయింది. కాగితాన్ని అతను ఎడమ చేత్తో పట్టుకుని మెల్లగా, పెదవులు కదుపుతూ చదివాడు.

"ఇక్కడ తప్పుందండీ."

"ఎక్కడ?"

"వేళ్లు విరిగేదాకా బ్రేకు వదల్లేదని రాశారు."

"నిజమే కదా."

"మీరు చూశారాండీ?"

"లేదు. నాకు వీపులే కనబడ్డాయి."

"మూడో దెబ్బకు వదిలేశానండీ. అప్పటికి వేళ్లు బాగానే ఉన్నాయి. భయమేసింది. నాలుగో దెబ్బ నెత్తి మీద పడుతుందనుకున్నాను. కాక ఉన్నాడని తెలిసే వదిలాను. డ్రమ్ము తిరగడం చూసి మళ్లీ పట్టుకోబోయాను. అప్పుడు విరిగాయి."

"ఇది రాస్తే మళ్లీ తప్పు మీదే అంటారు."

"అననివ్వండి. పారిపోయానన్నది ఒక్కటి తీసెయ్యండి, పారిపోలేదు. వదల్లేదని మాత్రం పెట్టకండి. రోజూ నాకు ఆ చిన్న గంట వినిపిస్తుందండీ. మీరు ఇట్లా రాస్తే నేను ఎవరికి చెప్పుకోను?"

ఆ వాక్యం కొట్టేసి అతను చెప్పింది చెప్పినట్టు రాశాను. ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. ఒక ప్రతి బాయి ఆఫీసులో ఇచ్చాను. వాళ్లు తీసుకుని ముద్ర వేశారు. ఏం చేస్తారో తెలియదు.

ఇంకో ప్రతి పట్టుకుని కాక ఇంటికి వెళ్లాను. అవ్వ, పెద్దకొడుకు వాకిట్లో ఉన్నారు. నిలబడే చదివాను. గోడ మీద కాగితం నాదే అన్నదీ, పదిహేను మంది, స్విచ్చి, మూడో దెబ్బ, గుమ్మంలో నేను, అన్నీ.

"గంట కొట్టిండా ఆయన?" అని అడిగింది అవ్వ.

"కొట్టిండవ్వా. నేను ఇన్న."

"ఇని?"

అవ్వ లేచి లోపలికి పోయి తలుపేసుకుంది. పెద్దకొడుకు వచ్చి నా మెడ పట్టుకున్నాడు. గోడకేసి కొట్టాడు. కింద పడ్డాక కాలితో తన్నాడు. దెబ్బలకు అడ్డం పెట్టుకోలేదని ఇక్కడ రాయాలని ఉంది. పెట్టుకున్నాను. రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, కొట్టొద్దని బతిమాలాను.